చూపు 6/12 అన్నారు, మరి అత్తయ్య చేపల కూర ఎందుకు మానేసింది

షుగర్ ఉంటే కళ్ళు పోతాయి అని మన ఇళ్ళల్లో అందరూ అంటూనే ఉంటారు, పెళ్ళి భోజనాల్లో ఇంకో స్వీటు వేయించుకుంటుంటే పక్కన కూర్చున్న వాళ్ళు కూడా ఆ మాట అనేసి వెళ్తారు. కానీ ఆ పోవడం అనేది చాలామందికి ఒక్క రోజులో జరిగేది కాదు, సరైన టైంకి వైద్యం దొరికితే ఎక్కువమందికి పూర్తిగా పోదు కూడా. బాగా కనపడటానికీ అసలు కనపడకపోవడానికీ మధ్యలో చాలా పెద్ద కాలం ఉంటుంది, కొందరికి ఐదేళ్ళు, కొందరికి పదేళ్ళు, కొందరికి మిగిలిన జీవితమంతా. ఆ మధ్యలో మనిషి ఎలా బతుకుతున్నాడు అనే సంగతి ఎవరూ మాట్లాడరు. నేను మా మేనత్త వెంట కంటి ఆస్పత్రికి తిరుగుతూ చూసింది, ఆ తిరగడంలో పట్టుబట్టి చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నా, కాస్త పొడుగు అవుతుంది.

అత్తయ్య వాళ్ళది తెనాలి. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టేది, చీరలకి ఫాల్స్ వేసేది, చుట్టుపక్కల వీధుల్లో ఆడవాళ్ళ కొలతలన్నీ ఆవిడకి నోటికి వచ్చు. షుగర్ వచ్చి ఇరవై ఏళ్ళు కావస్తోంది, బీపీ కూడా ఉంది. ఫైల్లో కుడి కన్ను 6/12, ఎడమ కన్ను 6/36 అని రాసుంటుంది, 6/12 అంటే మామూలు కన్ను పన్నెండు మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని ఆ కన్ను ఆరు మీటర్ల నుంచి గానీ చదవలేదు అని. డాక్టర్ గారు చార్టు చదివించి "చూపు పర్లేదమ్మా, నిలబడింది" అంటే మావయ్య, నేను చాలా సంతోషపడ్డాం, అత్తయ్య మాత్రం తల ఊపి ఊరుకుంది.

ఆ తర్వాత ఒకరోజు భోజనాల దగ్గర తెలిసింది, ఆవిడ చేపల కూర తినడం మానేసిందని. శీలావతి పులుసంటే ప్రాణం ఆవిడకి, మా చిన్నప్పుడు పిల్లలందర్నీ చుట్టూ కూర్చోబెట్టుకుని ముళ్ళు తీసి ముద్దలు పెట్టింది ఆవిడే, ఒక్క ముల్లు కూడా మా నోట్లోకి వచ్చేది కాదు. ఇప్పుడు పులుసు ముక్కలో ముల్లు కనపడట్లేదు. వేలితో తడిమి తీస్తుంటే పక్కన ఎవరైనా చూస్తున్నారేమో అని మొహమాటం, గొంతులో గుచ్చుకుంటుందేమో అని భయం, అందుకని "చేపలు పడట్లేదే నాకు" అని మానేసింది. పడకపోవడం కాదు. 6/12 ఉన్న మనిషికి చార్టు మీద అక్షరం కనపడుతుంది, పులుసులో ముల్లు కనపడదు, ఈ రెండిటికీ ఉన్న తేడా ఏ ఫైల్లోనూ ఉండదు.

ఎందుకు ఉండదు అంటే, చార్టు అనేది తెల్లటి వెలుగు మీద నల్లటి అక్షరాలు. మన బతుకు అలా ఉండదు కదా. తెల్ల గిన్నెలో పాలు, స్టీలు గ్లాసులో నీళ్ళు, బూడిద రంగు మెట్టు పక్కన బూడిద రంగు మెట్టు, బియ్యంలో తెల్ల రాయి. షుగర్ వల్ల రెటీనా, అంటే కంటి వెనక వెలుగుని పట్టే పొర, దెబ్బతిన్నప్పుడు ముందుగా తగ్గిపోయే వాటిలో ఇదొకటి, ఒకే తీరుగా ఉన్న రెండు వస్తువుల మధ్య తేడా పట్టే శక్తి. ఇంకోటి రంగులు, ముఖ్యంగా నీలం, పసుపు వైపు ఉండే రంగులు. అత్తయ్య విషయంలో అసలు ఇదే మొదట బయటపడింది. ముదురు ఆకుపచ్చ జాకెట్టుకి నీలం దారంతో హుక్స్ కుట్టి ఇచ్చేసింది, ఆ చీర వాళ్ళు ఏమీ అనకుండా తీసుకెళ్ళారు కానీ మళ్ళీ కుట్టించుకోడానికి రాలేదు. ఆవిడకి ఎందుకు రావట్లేదో తెలీదు. తర్వాత ఎవరో చెప్తే రీళ్ళ డబ్బా తీసుకుని గుమ్మం దగ్గర ఎండలో కూర్చుని ఒక్కో రీలు తిప్పి చూసుకుందంట, రెండు రీళ్ళు చేతిలో పట్టుకుని ఏది ఏదో తేల్చుకోలేక మావయ్యని పిలిచిందంట.

దానికంటే నన్ను కదిలించింది ఇంకోటి ఉంది. లైనింగ్ జాకెట్ పక్క కుట్టు వేసింది, చూసుకుంటే వంకరగా పోయినట్టు కనపడింది, విప్పేసింది. మళ్ళీ వేసింది, మళ్ళీ వంకర. మళ్ళీ విప్పింది. గుడ్డ చిల్లులు పడిపోయేదాకా అలా చేసింది. పక్కింటి అమ్మాయి వచ్చి చూసి "ఆంటీ, కుట్టు స్కేలు పెట్టి గీసినట్టు ఉంది, ఎందుకు విప్పుతున్నారు" అంది. కుట్టు తిన్నగానే ఉంది, వంకర కంట్లో ఉంది. ముప్ఫై ఏళ్ళు మిషన్ తొక్కిన మనిషి తన చేతిని తానే నమ్మలేకపోవడం అంటే ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఇది ఎందుకు జరుగుతుందో డాక్టర్ గారు ఓసీటీ స్కాన్, అంటే రెటీనా పొరల్ని అడ్డంగా కోసినట్టు చూపించే బొమ్మ, చూపించి చెప్పారు. రెటీనాలో వెంట్రుక కంటే సన్నటి రక్తనాళాలు ఉంటాయి, ఏళ్ళ తరబడి రక్తంలో షుగర్ ఎక్కువుంటే వాటి గోడలు బలహీనపడి చిన్న చిన్న బుడిపెలు వస్తాయి, అక్కడ్నుంచి రక్తం, నీరు, కొవ్వు కారతాయి. రెటీనా మధ్యలో మాక్యులా అనే చోటు ఉంటుంది, చదవడం, సూదిలో దారం ఎక్కించడం, మొహాలు గుర్తుపట్టడం అన్నీ దాని పనే, ఆ చోట నీరు చేరితే గోడలో పైపు కారి సున్నం ఉబ్బినట్టు ఆ పొర ఉబ్బుతుంది, అందుకే తిన్నటి గీత వంకరగా కనపడుతుంది. దీన్నే డయాబెటిక్ మాక్యులర్ ఎడిమా అంటారు. ఇంకో రకం ఏంటంటే, కొన్ని నాళాలు మూసుకుపోయి రెటీనాకి ఆక్సిజన్ అందకపోతే అది కొత్త నాళాలు పుట్టించుకుంటుంది, అవి నాసిరకం, చిటుక్కున తెగుతాయి, కంట్లో రక్తం నిండుతుంది. అప్పుడు పొద్దున్న లేచేసరికి కళ్ళ ముందు నల్ల దారాలు, పొగ, ఒక్కోసారి ఏమీ కనపడకపోవడం. ఇంకా ముదిరితే ఆ కొత్త నాళాలతో పాటు వచ్చే పొర రెటీనాని లాగి ఊడదీస్తుంది.

అన్నిటికంటే దారుణం ఏంటంటే మొదట్లో ఏమీ తెలీదు. నొప్పి ఉండదు, ఎర్రబడదు, చూపు 6/6 ఉన్న మనిషి రెటీనాలో కూడా రక్తపు చుక్కలు ఉండొచ్చు. కాస్త మసక అనిపించినా "పవర్ మారిందేమో" అని అద్దాల షాపుకి వెళ్తారు, లేదా "పొర వచ్చిందేమో, ముదరనీ, ఆపరేషన్ చేయించుకుందాం" అని ఆగుతారు. షుగర్ హెచ్చుతగ్గులు అయినప్పుడు కంట్లో లెన్సు ఉబ్బి నిజంగానే పవర్ మారుతుంది, కాబట్టి ఆ అనుమానంలో తప్పేమీ లేదు, కానీ దాని వెనకాల రెటీనా ఏం చేస్తోందో చుక్కల మందు వేసి కంటిపాప పెద్దది చేసి చూస్తేనో ఫోటో తీస్తేనో తప్ప తెలీదు. టైప్ 2 (ఎక్కువగా పెద్దయ్యాక వచ్చే మామూలు రకం) అయితే షుగర్ బయటపడిన రోజునే ఒకసారి, తర్వాత ఏడాదికోసారి చూపించుకోవాలి, టైప్ 1 (ఒంట్లో ఇన్సులిన్ తయారవడం ఆగిపోయే రకం, ఎక్కువగా చిన్న వయసులో వస్తుంది) అయితే షుగర్ వచ్చిన ఐదేళ్ళ లోపు మొదలుపెట్టాలి, షుగర్ ఉన్న ఆడవాళ్ళు కడుపుతో ఉంటే ఏడాది దాకా ఆగకుండా ముందే చూపించుకోవాలి. మీ ఇంట్లో షుగర్ ఉన్నవాళ్ళు ఉంటే ఈ పేరా ఒక్కటీ వాళ్ళకి చదివి వినిపించండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

ఎంతమంది అని అడిగితే, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ళ సర్వే 2023లో లాన్సెట్ వాళ్ళ డయాబెటిస్ పత్రికలో వచ్చింది, దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని లెక్క కట్టారు. అంతకు ముందు ఏడాది వచ్చిన స్మార్ట్ ఇండియా అనే స్టడీలో నలభై దాటిన షుగర్ పేషెంట్లలో 12.5 శాతం మందికి రెటినోపతి, అంటే షుగర్ వల్ల రెటీనా దెబ్బతినడం, ఉందనీ, 4 శాతం మందికి అది చూపుకే ముప్పు తెచ్చే దశలో ఉందనీ తేలింది. శాతం చూస్తే చిన్నగా అనిపిస్తుంది, కోట్లతో గుణిస్తే అర్థమవుతుంది. వాళ్ళందరూ గుడ్డివాళ్ళు కాదు, చాలామంది నేను మొదట్లో చెప్పిన ఆ మధ్య దశలోనే ఉన్నారు, మిషన్ తొక్కుతూనో, షాపులో కూర్చునో, ఆటో నడుపుతూనో.

చూపు అంకె ఒకటే సరిపోదని పరిశోధన చేసేవాళ్ళకి ఎప్పుడో తెలుసు. అమెరికాలో నేషనల్ ఐ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు వీఎఫ్‌క్యూ-25 అని ఇరవై ఐదు ప్రశ్నల పట్టిక తయారుచేశారు, అందులో పేపర్ చదవగలుగుతున్నారా, మసక వెలుతురులో మెట్లు దిగగలుగుతున్నారా, మీరు మాట్లాడుతుంటే ఎదుటివాళ్ళ మొహంలో భావం తెలుస్తోందా, బట్టలు మ్యాచింగ్ చూసుకోగలుగుతున్నారా, కళ్ళ వల్ల ఇంట్లోనే ఉండిపోతున్నారా, ఇలాంటివి ఉంటాయి. మన దేశం వాళ్ళ జీవితానికి సరిపోయేట్టు 2005లో ముప్ఫై మూడు ప్రశ్నలతో ఇంకోటి తయారైంది, అందులో పనుల గురించి, మనసు గురించి, కంటి లక్షణాల గురించి విడివిడిగా అడుగుతారు. నాకు ఇవి చదువుతుంటే ఒకటే అనిపించింది, ఇవి స్టడీల్లో మాత్రమే ఎందుకు వాడాలి, ప్రతి షుగర్ పేషెంట్‌నీ ఓపీలో చార్టు చదివించాక ఇందులో ఐదు ప్రశ్నలైనా అడిగితే ఎంత బాగుంటుంది. డాక్టర్లకి టైం లేదు, వంద మంది బయట కూర్చుని ఉంటారు, అది నిజమే. ఇంట్లో మనం అడగొచ్చు కదా. "కనపడుతోందా" అని అడిగితే "కనపడుతోందిలే" అనే అంటారు, అత్తయ్య ఎన్నేళ్ళైనా అదే అంటుంది. "ఈ మధ్య ఏం పని చేయడం మానేశావు" అని అడిగితే వేరే జవాబు వస్తుంది.

నేను అలాగే అడిగాను. ముందు కోప్పడింది. తర్వాత ఒక్కొక్కటే చెప్పింది. సాయంత్రం గుడికి వెళ్ళడం మానేసింది, వెలుతురులోంచి చీకట్లోకి వస్తే చాలాసేపు ఏమీ తెలీదు. ఎదురుగా వచ్చేవాళ్ళు దగ్గరకొచ్చి మాట్లాడేదాకా ఎవరో తెలీదు, దాంతో వీధిలో "కుట్టు పని బాగా నడుస్తోంది కదా, పొగరెక్కింది, చూసి కూడా పలకరించదు" అని ఒకావిడ అందంట, ఆ మాట నాకు చెప్తున్నప్పుడు అత్తయ్య గొంతు పూడుకుపోయింది. మన ఊళ్ళల్లో ఎదురుపడితే పలకరించకపోవడం ఎంత పెద్ద తప్పో తెలుసు కదా, ఆవిడ దానికి మందు కనిపెట్టింది, అందరికీ నవ్వేస్తుంది, తెలిసినవాళ్ళకీ తెలీనివాళ్ళకీ, ఎందుకైనా మంచిదని. చిల్లర లెక్కపెట్టుకోవడం కష్టం, రూపాయి బిళ్ళ, రెండు రూపాయల బిళ్ళ వేలితో తడిమి తేల్చుకుంటుంది, నోట్లు మావయ్య వేరు వేరు అరల్లో పెట్టిస్తాడు.

వైద్యం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే వైద్యమే ఒక పెద్ద జీవితం అయిపోతుంది. మాక్యులాలో నీరు తగ్గడానికి కంట్లోకి ఇంజెక్షన్ వేస్తారు. వినగానే గుండె ఝల్లుమంటుంది, నిజానికి వేసే క్షణం చాలా చిన్నది. మొద్దుబారే చుక్కలు వేస్తారు, అయోడిన్ మందుతో రెప్పలు, కన్ను కడుగుతారు, అదే ఎక్కువ మండుతుంది అంటుంది అత్తయ్య, రెప్ప మూసుకోకుండా చిన్న క్లిప్పు పెడతారు, కింది వైపో పక్కకో చూడమంటారు, తెల్లగుడ్డులోంచి సన్నటి సూదితో వేసేస్తారు. ఆ రోజంతా కంట్లో ఇసుక పడ్డట్టు గరగర, ఒక్కోసారి చిన్న నల్ల బుడగలు తేలుతూ కనపడతాయి, అవి పోతాయి. నొప్పి ఎక్కువైనా, ఎర్రబడి చూపు తగ్గినా మాత్రం రాత్రి అయినా సరే ఆస్పత్రికి పరిగెత్తాలి, ఇన్ఫెక్షన్ అయ్యుండొచ్చు, అరుదుగానే వస్తుంది కానీ వస్తే ఆలస్యం పనికిరాదు.

ఒకటితో అయిపోదు అనేదే అసలు బాధ. అమెరికాలో మూడు మందుల్ని పోల్చి చూసిన పెద్ద ట్రయల్ ఫలితాలు 2015లో వచ్చాయి, అందులో మొదటి ఏడాదిలోనే ఒక్కో కంటికి తొమ్మిది, పది ఇంజెక్షన్లు పడ్డాయి. మందుల్లో ఒకటి బెవాసిజుమాబ్, పేగు క్యాన్సర్‌కి వచ్చిన మందు, చవక, మిగతావి దానికి ఎన్నో రెట్లు ఖరీదు. ఖరీదు గురించి అందరూ అడుగుతారు, రోజు గురించి ఎవరూ అడగరు. ఇంజెక్షన్ రోజు అంటే తెల్లవారుజామున లేవాలి, షుగర్ మనిషి కాబట్టి టైంకి తినాలి, చుక్కల మందు వేశాక పాప పెద్దదై నాలుగైదు గంటలు దగ్గరివి మసక, ఎండలోకి వస్తే కళ్ళు తెరవలేం, కాబట్టి తోడు మనిషి ఉండి తీరాలి, మావయ్య ఎరువుల షాపు ఆ రోజు మూసేయాల్సిందే. సీజన్లో షాపు మూస్తే ఏంటో రైతుల ఊళ్ళో ఉండేవాళ్ళకి తెలుసు. అత్తయ్య ఒకసారి ఇంజెక్షన్ తేదీ వస్తే "ఈసారికి బానే ఉంది, వచ్చే నెల చూద్దాం" అంది. బాగుండి కాదు, షాపు మూయించడం ఇష్టం లేక. చాలామంది ఇలాగే మధ్యలో ఆపేస్తారు, డాక్టర్లు దాన్ని పేషెంట్ నిర్లక్ష్యం అని రాసుకుంటారు, నా మటుకు నాకు అది నిర్లక్ష్యంలా అనిపించదు, ఇంట్లో వాళ్ళ మీద ప్రేమ, మొహమాటం, డబ్బు అన్నీ కలిసి చేసే పని అది.

ఎడమ కంటికి లేజర్ కూడా చేశారు. కొత్త నాళాలు పుట్టే రకానికి రెటీనా అంచుల మీద వందల కొద్దీ చుక్కలు కాలుస్తారు, మధ్య చూపుని కాపాడుకోడానికి అంచుల్ని వదులుకోవడం అన్నమాట. ఇది పాత వైద్యమే, తీవ్రంగా చూపు పోయే ప్రమాదాన్ని సగానికి పైగా తగ్గిస్తుందని 1970ల్లోనే రుజువైంది, కాబట్టి చేయించుకోమంటే భయపడి ఆపకండి. కానీ దాని తర్వాత రాత్రి చూపు, పక్క చూపు కొంత తగ్గొచ్చు అని ముందే చెప్పించుకోవాలి. చెప్పకపోతే పేషెంట్ "లేజర్ చేసి కన్ను పాడుచేశారు" అనుకుంటారు, వెయిటింగ్ హాల్లో నేను విన్న మాటల్లో ఇదే ఎక్కువ. ఇంకో మాట కూడా అర్థం చేసుకోవాలి, చాలావరకు ఈ వైద్యాలు ఉన్న చూపుని నిలబెట్టడానికి, పోయినదంతా తిరిగి తేవడానికి కాదు, ఇంజెక్షన్లతో కొంతమందికి మెరుగవుతుంది గానీ.

ఇక నాకు బాగా కోపం తెప్పించే సంగతి. షుగర్‌ని అదుపులో పెట్టుకోడానికి కావాల్సినవన్నీ కళ్ళతో చేసే పనులే. గ్లూకోమీటర్ స్క్రీన్ మీద అంకె చదవాలి, స్ట్రిప్ మీద రక్తం సరిగ్గా పెట్టాలి, రెండు రకాల బిళ్ళలు ఒకేలాంటి వెండి రంగు షీటులో వస్తే తేడా చూడాలి, రోజూ పాదాలు తిప్పి చూసుకుని పుండేమైనా పడిందా అని చూడాలి, నరాలు మొద్దుబారిన కాలికి నొప్పి తెలీదు కాబట్టి కన్నే దిక్కు, ఆ కన్నేమో ఇలా. ఇన్సులిన్ ఇంకా ప్రమాదం. మన దగ్గర బుడ్డీ ఇన్సులిన్ ఎక్కువగా ఒక ఎంఎల్‌కి 40 యూనిట్లది, దాని సిరంజికి ఎర్ర మూత, 100 యూనిట్ల దాని సిరంజికి నారింజ మూత. ఎరుపు, నారింజ. సరిగ్గా కనపడని మనిషికి ఈ రెండు రంగులా ఇచ్చేది? ఆ సిరంజి మీద సన్నటి గీతలు లెక్కపెట్టి మందు లాగాలి, గీతలు అటూ ఇటూ అయితే రాత్రి షుగర్ పడిపోవచ్చు. అత్తయ్య కొన్నాళ్ళు మావయ్య చేత లాగించుకునేది, ఆయన ఊళ్ళో లేని రోజు అంచనాగా లాగి వేసుకుంది. ఆ సంగతి తెలిశాక డాక్టర్ గారిని అడిగి ఇన్సులిన్ పెన్‌కి మారాం, అది తిప్పితే యూనిట్‌కి ఒకసారి టిక్ అంటుంది, ఆవిడ కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతూ లెక్కపెడుతుంది, మధ్యలో ఎవరైనా మాట్లాడితే చెయ్యి అడ్డం పెట్టి మళ్ళీ సున్నా నుంచి మొదలుపెడుతుంది, ఆ రెండు నిమిషాలు ఇంట్లో టీవీ కూడా ఆపేస్తారు.

షుగర్, బీపీ అదుపు చేసుకుంటే కళ్ళకి నిజంగా మేలే, ఊరికే చెప్పే మాట కాదు. టైప్ 1 వాళ్ళ మీద చేసిన డీసీసీటీ అనే స్టడీ 1993లో వచ్చింది, షుగర్‌ని గట్టిగా అదుపు చేసినవాళ్ళలో రెటినోపతి కొత్తగా వచ్చే ప్రమాదం 76 శాతం తగ్గింది. టైప్ 2 మీద బ్రిటన్‌లో చేసిన స్టడీ 1998లో వచ్చింది, బీపీని బాగా అదుపు చేస్తే రెటినోపతి ముదరడం 34 శాతం తగ్గిందని అందులో ఉంది, బీపీ సంగతి మనవాళ్ళు కళ్ళకి ముడిపెట్టి ఆలోచించరు, ఆలోచించాలి. అయితే చాలాకాలం ఎక్కువున్న షుగర్‌ని ఒక్కసారిగా దించేస్తే మొదట్లో కన్ను కాస్త ముదరొచ్చు కూడా, కాబట్టి మందులు మార్చేటప్పుడు కంటి డాక్టర్‌కి, షుగర్ డాక్టర్‌కి ఇద్దరికీ చెప్పాలి. ఈ ఇద్దరు డాక్టర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోరు, మధ్యలో ఫైలు మోసే మనమే మాట్లాడించాలి.

మనసు గురించి తక్కువే రాస్తాను, ఎందుకంటే ఆవిడ చెప్పినవన్నీ ఇక్కడ పెట్టే హక్కు నాకు లేదు. రెటినోపతి ముదిరినవాళ్ళలో డిప్రెషన్ ఎక్కువ ఉంటుందని చాలా దేశాల స్టడీల్లో తేలింది. మా ఇంట్లో అది ఏడుపు రూపంలో రాలేదు, చిరాకు రూపంలో వచ్చింది. వస్తువు పెట్టిన చోట లేకపోతే ఇల్లంతా లేపేది. ఇప్పుడు అందరికీ తెలుసు, ఆవిడ కత్తెర జరపకూడదు, తలుపు సగం తెరిచి వదిలేయకూడదు, అది మర్యాద కోసం కాదు, సగం తెరిచిన తలుపు అంచు ఆవిడకి కనపడదు, నుదురు తగులుతుంది.

వైకల్యం సర్టిఫికెట్ సంగతి కూడా చాలామంది అడుగుతుంటారు కాబట్టి చెప్తాను. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం చాలా సదుపాయాలకి 40 శాతం వైకల్యం ఉండాలి. ఒక కన్ను పూర్తిగా పోయినా రెండో కన్ను బాగుంటే లెక్క 30 శాతం దగ్గరే ఆగిపోతుంది. అంటే ఆంధ్రాలో 6,000 రూపాయల పెన్షన్ గానీ తెలంగాణలో 4,016 రూపాయల పెన్షన్ గానీ రాదు. అత్తయ్య లాంటి వాళ్ళు ఆ లెక్కలోకి రానే రారు, ఆవిడ సంపాదన మాత్రం నాలుగో వంతుకి పడిపోయింది. చేతి పని అంతా పక్కింటి అమ్మాయికి ఇచ్చేస్తోంది, హెమ్మింగ్, హుక్స్, కాజాలు, తను కటింగ్ చేస్తుంది, సుద్ద గీత బదులు గుడ్డ మడిచి గోటితో మడత వేసుకుని ఆ మడత వెంబడే కత్తెర నడుపుతుంది.

ఉపయోగపడినవి కొన్ని చెప్తాను. లో విజన్ క్లినిక్ అనేది ఒకటి ఉంటుందని చాలామందికి తెలీదు, మందులతో పని అయిపోయాక మిగిలిన చూపుని ఎలా వాడుకోవాలో నేర్పే చోటు. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ ఐ ఇన్‌స్టిట్యూట్ 1987లో మొదలైంది, సినిమా నిర్మాత ఎల్వీ ప్రసాద్ గారు స్థలం ఇస్తే డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు పెట్టిన సంస్థ, అక్కడ దీనికోసం విడిగా విభాగమే ఉంది, పెద్ద కంటి ఆస్పత్రులు చాలావాటిలో ఉంటుంది, అడగాలి అంతే. మాకు దగ్గర్లో ఒక చోట లైటు ఉన్న భూతద్దం ఇచ్చారు, పసుపు రంగు అద్దాలు ఎండలో మిరుమిట్లు తగ్గడానికి ఇచ్చారు. మెట్ల అంచులకి పసుపు టేపు వేయించాం. ఉల్లిపాయలు తరగడానికి నల్ల పలక, టమాటాలకి తెల్ల పలక. బల్బు ఎక్కువ వాట్స్‌ది పెట్టడం కాదు, పని చేసే చోటికి దగ్గరగా, కంట్లో పడకుండా పక్కనుంచి దీపం పెట్టడం ముఖ్యం అని అక్కడమ్మాయి చూపించింది. ఫోన్లో టాక్‌బ్యాక్ ఆన్ చేస్తే తెర మీదున్నది తెలుగులో చదివి వినిపిస్తుంది. రిజర్వ్ బ్యాంక్ వాళ్ళ మణి అనే యాప్ ఉంది, 2020లో వచ్చింది, నోటు కెమెరా ముందు పెడితే ఎంతదో చెప్తుంది, అత్తయ్య అన్నిటికంటే దీన్నే ఎక్కువ వాడుతుంది. దారం పక్కనుంచే జారి ఎక్కే రకం సూదులు దొరుకుతాయి, తెనాలిలో దొరకలేదు, ఆన్‌లైన్లో తెప్పించా. చేపలు కూడా మళ్ళీ మొదలయ్యాయి, కొరమేను తెస్తాడు మావయ్య, దాన్లో సన్న ముళ్ళు తక్కువ, పైగా తనే నడుమ ముల్లు తీసి ప్లేట్లో పెట్టి ఏమీ అనకుండా ముందుకి జరుపుతాడు.

ఇప్పుడు మా ఇంట్లో నడుస్తున్న గొడవ ఏంటంటే, మాఘ మాసంలో రాజమండ్రిలో పెళ్ళి ఉంది, మావయ్యకి షాపు వదిలి రావడం కుదరదు, అత్తయ్య ఒక్కతే వెళ్తానంటుంది. బావ బెంగళూరు నుంచి ఫోన్ చేసి వద్దంటే వద్దన్నాడు. నేను వెళ్ళమనే అంటున్నా. ప్లాట్‌ఫాం మీద కోచ్ నంబర్ కనపడదు కదా అని బావ, అడుగుతుంది కదా, నోరుంది కదా అని నేను. చివరికి అత్తయ్యే తేల్చేసింది, "రాత్రి బండి వద్దు, పొద్దున బండికి కిటికీ సీటు చెయ్యి, టికెట్ నా ఫోనుకే పంపు, వాడికి కాదు." నిన్న బుక్ చేసి పంపించా. రెండుసార్లు టాక్‌బ్యాక్‌లో విని, కోచ్ నంబర్ నాకు తప్పు చెప్పావే అని ఫోన్ చేసింది, నేను డీ3 అన్నానంట, టికెట్‌లో డీ5 ఉందంట.